రొయ్య గుర్తు మీద గారెలు

పిన్నిగారు పోయారన్న సంగతి నాకు లిఫ్టు దగ్గర తెలిసింది. ఆఫీసు నుంచి వచ్చి మీట నొక్కుతుంటే మా బిల్డింగు వాచ్‌మన్ దగ్గరికొచ్చి, తల దించుకుని, మీ ఎదురింటి అమ్మ ఖలాస్ అన్నాడు. ఈ గల్ఫు దేశంలో గ్యాసు బండ అయిపోయినా ఖలాసే, ఉద్యోగం అయిపోయినా ఖలాసే. అందుకని ఏది అయిపోయిందో తెలియక అతని మొహంలోకి చూశాను. పొద్దున గుండెలో నొప్పి అన్నారట. బాబాయిగారు ఆసుపత్రికి తీసుకెళ్ళారట. మధ్యాహ్నానికల్లా అయిపోయిందట. పైకి వెళ్ళేసరికి వాళ్ళ తలుపు వేసి ఉంది. ఆ తలుపు వేసి ఉండడం నేనెప్పుడూ చూడలేదు.

పిన్నిగారంటే నాకు చుట్టం కాదు. మాది ఒంగోలు వైపు, వాళ్ళది కాకినాడ. మనామాలో ఈ బిల్డింగులో అద్దెకి దిగిన రోజున ఎదురు తలుపు తెరిచి ఉంటే లోపలి నుంచి, "ఎవరమ్మాయ్, తెలుగోళ్ళేనా, కాఫీ తాగుతారా?" అని గట్టిగా కేకేశారు. అప్పటి నుంచి ఆవిడ పిన్నిగారు, ఒక కాంట్రాక్టు కంపెనీలో లెక్కలు చూసే ఆయన బాబాయిగారు. ఒక్కగానొక్క కూతురు పెళ్ళయి విశాఖలో ఉంటుంది.

ఆ తలుపు మూసుకోకుండా ఒక పొత్రం అడ్డం పెట్టి ఉండేది. రుబ్బురోలు పొత్రమే, నల్లరాయి. పెళ్ళయిన కొత్తలో ఈ ఊరికి వస్తూ పెట్టెలో బట్టల మధ్య పెట్టుకొచ్చారట. ముహర్రక్ విమానాశ్రయంలో అధికారి దాన్ని బయటికి తీసి ఇదేమిటని అడిగితే, మాట రాని పిన్నిగారు రెండు చేతులూ తిప్పి రుబ్బి చూపించారట. ఆయన నవ్వి వదిలేశాడు. రోలు బరువెక్కువని, పై ప్రయాణంలో తెస్తానని బాబాయిగారు మాటిచ్చారు. ఆ పై ప్రయాణాలు ఎన్నో అయ్యాయి గానీ రోలు మాత్రం రాలేదు. రోలు లేని పొత్రం తలుపుకి కాపలా కాసింది. అగ్నిప్రమాదాల నిబంధన ప్రకారం తలుపులు మూసే ఉంచాలని వాచ్‌మన్ చెప్పిచెప్పి విసిగిపోయి, చివరికి దాన్ని చూడనట్టు నటించడం నేర్చుకున్నాడు.

మనలో ఒక ఆచారం ఉంది కదా, ఇంట్లో మనిషి పోతే ఏడాదిపాటు పండగ చెయ్యరు, మూకుడు పెట్టరు. బూరెలూ గారెలూ ఆ ఇంట్లో వేగవు. ఊళ్ళో అయితే దాయాదులు కానివాళ్ళో ఇరుగుపొరుగో వండి పంపిస్తారు. ఇక్కడ ఎవరు పంపిస్తారు? పిన్నిగారు పంపించేవారు. ఎవరూ అప్పగించిన పని కాదు. ఫలానా వాళ్ళ ఇంట్లో పెద్దాయన పోయారని వినబడితే చాలు, వచ్చే పండక్కి ఆ ఇంటి పేరు చెప్పుకుని పప్పు నానబోసేవారు. వాళ్ళు ఏ కులం, ఏ జిల్లా, తనకి ముందు తెలుసా తెలియదా అనే లెక్క ఉండేది కాదు.

మా మామగారు పోయిన ఏడాది దసరాకి ఆవిడ మా వంటింటి గుమ్మంలో స్టీలు గిన్నెతో ప్రత్యక్షమయ్యారు. నిజం చెప్పాలంటే మేము మామూలు ఏడాదుల్లో కూడా మూకుడు పెట్టే మనుషులం కాదు. ఆ ముక్కే చెప్పాను. "మీకు పెట్టే అలవాటు లేదు, అది వేరు. ఇప్పుడు పెట్టకూడదు, ఇది వేరు," అన్నారు. ఇంకో మాట కూడా అన్నారు. అది ఆవిడ సిద్ధాంతం. "మైల ఇంట్లో మూకుడు పెట్టకూడదన్నారు గానీ వాసన రాకూడదని ఎవరన్నారే? పండగపూట ఇంట్లోకి నూనె వాసన రాకపోతే పోయినవాళ్ళు రెండోసారి పోయినట్టుంటది." ఆ రోజు పొద్దుటి నుంచి పొత్రం అడ్డం పెట్టి, తన తలుపూ నా తలుపూ బార్లా తెరిపించి, తన వంటింట్లో గారెలు వేయించారు. మావారు సోఫాలో కూర్చుని ఆ వాసన పీలుస్తూ వాళ్ళ నాన్నగారు గారెల్లో పెరుగు వేసుకు తినే తీరు గురించి చెప్పుకొచ్చారు. అంతకుముందు చాలా రోజులుగా ఆయన తండ్రి ఊసే ఎత్తలేదు.

ఇక మిషను సంగతి. మావారు ఒకసారి సూపర్‌మార్కెట్లో ఆఫరు చూసి కరెంటుతో నడిచే డీప్ ఫ్రయర్ ఒకటి కొనుక్కొచ్చారు. హోటల్లోలాగా ఆలుగడ్డ వేపుళ్ళు ఇంట్లో చేసుకోవచ్చని ఉత్సాహం. రెండుసార్లు చేశారు. దాన్ని కడగడం ఎంత పనో తెలిశాక అట్టపెట్టెలో పెట్టి బీరువా మీదికి ఎక్కించారు. పిన్నిగారు దాన్ని ఒక్కసారి దించి చూసి, మూత తీసి, లోపలి జాలీ బుట్ట పైకెత్తి చూసి పెదవి విరిచారు. మూడు లీటర్ల నూనె తాగే బకెట్టు అన్నారు. నూనె కాగిందో లేదో మిషను మీది దీపం చెప్పాలా, ముక్కుకి తెలీదా అన్నారు. ఆవిడ ముక్కుకి నిజంగానే తెలిసేది. వరండాలో నాతో మాట్లాడుతూ మధ్యలో ఆగి, "కాగింది," అని లోపలికి వెళ్ళేవారు.

ఆ తరవాత లోకమంతా జ్వరపడిన రోజులొచ్చాయి. పిన్నిగారికీ వచ్చింది, తగ్గింది. వాసన మాత్రం తిరిగి రాలేదు. వస్తుంది ఆగమన్నారు డాక్టర్లు. ఆవిడ ఆగారు. పొద్దున్నే లేచి ఇంగువ డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుని మళ్ళీ మూసేవారని బాబాయిగారు చెప్పారు. మాతో మాత్రం ఏమీ అనలేదు.

ఒక శుక్రవారం ఆవిడ పొయ్యి మీద మూకుడు పెట్టి, వెనక్కి తిరిగి మిక్సీలో పిండి రుబ్బుతున్నారు. మిక్సీ మోతలో ఏమీ వినబడలేదు, ముక్కుకి ఏమీ తెలియలేదు. నూనె మాడి పొగలు కక్కింది. తెరిచి ఉన్న తలుపులోంచి పొగ వరండాలోకి వచ్చేసరికి అలారం మోగి బిల్డింగంతా మెట్లు దిగి రోడ్డు మీదికొచ్చింది. ఎవరికీ ఏమీ కాలేదు. పిన్నిగారి కుడిచేతి వేళ్ళు కాస్త బొబ్బలెక్కాయి. బాబాయిగారు ముక్కు మీద కోపం ఉన్న మనిషి కాదు. ఆ రోజు మాత్రం మారుమాట్లాడకుండా ఆ ఇనప మూకుడు తీసుకెళ్ళి కారు డిక్కీలో పెట్టి తాళం వేశారు. ఎన్నో నెలలు ఆయన ఆఫీసుకి వెళ్ళివస్తుంటే స్పీడు బ్రేకరు దగ్గరల్లా డిక్కీలో మూకుడు మోగేది.

వారం తిరక్కుండా పిన్నిగారు మా ఇంటికొచ్చి బీరువా వైపు చూశారు. ముహర్రక్‌లో ఒక కుటుంబం, ఆ ఇంటి పెద్దావిడ పోయిన ఏడాది అది, దీపావళి దగ్గర పడింది. వాళ్ళకి మాటిచ్చేశారు. మూకుడు లేదు, ముక్కు లేదు. ఈసారి మానెయ్యండి, ఏదైనా స్వీటు కొని ఇద్దాం అన్నాను.

"కొనుక్కునే ఓపిక వాళ్ళకి లేకనా?" అన్నారు. బీరువా వైపే చూస్తూ, "ఈ ఒక్క పనీ నా చేతిలోంచి పోతే నేనింక ఈ ఊళ్ళో ఎందుకే ఉండడం? నీ బకెట్టు దించు," అన్నారు.

దించాను. పిన్నిగారు దాని ముందు కూర్చుని చాలాసేపు చూశారు. ఆ మిషనుకి తిప్పే మీట చుట్టూ బొమ్మలున్నాయి. కోడి కాలు, చేప, రొయ్య, ఆలుగడ్డ. ఒక్కోదానికి ఎంత వేడి కావాలో గుర్తు. గారె బొమ్మ లేదు. దీన్ని చేసినవాడి అమ్మ వాడికేం పెట్టిందో పాపం అని జాలిపడి, మొదటి వాయి కోడి కాలు మీద వేశారు.

ఆ మొదటి వాయి కథ ఇప్పటికీ మా ఇంట్లో చెప్పుకుంటాం. నూనె పొంగకుండా మూకుడులో చింతపండు ముక్క వేసే అలవాటు ఆవిడది. అదే అలవాటుతో ఇందులోనూ వేశారు. అది నేరుగా అడుగుకి దిగి కాలే తీగకి అతుక్కుని బొగ్గయింది. ఆ తరవాత జాలీ బుట్టని నూనెలో ముంచి, పిండి అరచేతిలో ఒత్తి, చిల్లు పెట్టి, బుట్టలోకి జారవిడిచారు. ఆలుగడ్డ ముక్కలైతే బుట్టలో గలగలలాడతాయి. మెత్తటి మినప్పిండి తీగల మధ్యకి దూరి, అక్కడే వేగి, అక్కడే గట్టిపడింది. బుట్ట ఎత్తితే గారెలన్నీ బుట్టతో పాటు వచ్చాయి, ఒక్కటీ ఊడి రాలేదు. ఇద్దరం చెంచాలు పట్టుకుని చాలాసేపు గీకాం. ఆ గీకిన ముక్కలు చేదుగా ఉన్నాయి. అవి చేదని నేను చెబితే గానీ ఆవిడకి తెలియలేదు. వాసనతో పాటు రుచి కూడా సగం పోయిందన్న సంగతి అప్పుడే నాకు తెలిసింది.

నాకు చాలా బాధేసింది. పిన్నిగారు మాత్రం బుట్ట తీసి సింకులో పడేసి, దీని పని ఉల్లిపాయలు పెట్టుకోవడానికే అని తీర్మానించారు. ఆ తరవాత అది నిజంగానే వాళ్ళ వంటింట్లో మేకుకి వేలాడుతూ ఉల్లిపాయలు మోసింది. బుట్ట లేకుండా, చింతపండు లేకుండా, నేరుగా నూనెలోకి వేశారు. కోడి కాలు మీద పైన మాడి లోపల పచ్చిగా ఉంది. చేప మీద నూనె పీల్చింది. రొయ్య గుర్తు దగ్గర కుదిరింది. ఆ ముహర్రక్ వాళ్ళు ఉల్లిపాయ కూడా ముట్టని శాకాహారులు. గారెలు ఏ గుర్తు మీద వేగాయో వాళ్ళకి చెప్పాల్సిన అవసరం ఇద్దరికీ కనిపించలేదు.

దీపం నూనె సంగతి చెప్పేది గానీ గారె సంగతి చెప్పదు. దానికి నేను కావాలి. పప్పు నానబోసినప్పుడల్లా, "నీ ముక్కు తీసుకుని రా," అని ఫోను వచ్చేది. వెళ్ళి మిషను పక్కన నిలబడేదాన్ని. పిండి పులిసిందా, అల్లం సరిపోయిందా, వేగిన వాసన తిరిగిందా అని వరుసగా అడిగేవారు. ఆఫీసులో సరుకు కాగితాలు చూసుకునే నాకు గారె వేగుతూ వేగుతూ వాసన మారుతుందని అంతకుముందు తెలియదు. మొదట పచ్చిమినుము వాసన, తరవాత అల్లం, చివర్న ఒక తియ్యటి కమ్మదనం. ఆ చివరిది వచ్చిందని నేను చెప్పగానే జల్లెడ గరిటె దించేవారు. వాసన వస్తోందా అమ్మాయ్ అనే మాట ఆ రెండేళ్ళలో ఎన్నిసార్లు విన్నానో.

మూడు లీటర్ల నూనె పెద్ద సమస్య. కాగిన నూనె మళ్ళీ పండగ వంటకి పనికిరాదంటారు, పారబొయ్యడానికి ప్రాణం ఒప్పదు. వడకట్టి రెండు ఇళ్ళకీ పంచేవారు, కడిగిన మిషను మళ్ళీ మా బీరువా మీదికి చేరేది. నెలరోజులు మా దొండకాయ కూరా, వాళ్ళ వంకాయ కూరా అన్నీ గారెల రుచే.

ఊరికి దూరంగా కర్జకాన్ అనే పల్లెకి వెళ్ళిన రోజు గురించి చెప్పకపోతే ఆవిడ గురించి చెప్పినట్టు కాదు. అక్కడ ఒక ఇంట్లో పనికి కుదిరిన ఆమె ఉంది, ముమ్మిడివరం దగ్గర పల్లెటూరు. మనామాలో గుడి దగ్గర పిన్నిగారికి పరిచయం. ఆమె భర్త ఊళ్ళో పోయాడు. నువ్వొచ్చేసరికి అన్నీ అయిపోతాయి, రావద్దని ఊళ్ళోవాళ్ళే ఫోనులో చెప్పారట. ఆమె ఏడవనూ లేదు, పని మాననూ లేదు. ఆ సంగతి విని పిన్నిగారు వచ్చే ఉగాదికి గారెలు పంపిస్తారనుకున్నాను. ఆవిడ మిషనే తీసుకెళదామన్నారు. దీనికి పొయ్యి అక్కర్లేదు, ప్లగ్గుంటే చాలు, మూకుడుకి లేని సుఖం ఇదొక్కటే అన్నారు.

మావారు కారు నడిపారు. నేను పిండి గిన్నె, ఆవిడ మిషను ఒళ్ళో పెట్టుకుని వెళ్ళాం. ఆ ఇంటి మేడమ్ పెద్దావిడ. విషయం సగం అర్థమై, సగం అర్థం కాక, గేటు బయట డ్రైవరు గది గోడకున్న ప్లగ్గు చూపించింది. గేటు ఇవతల మైల లేదని పిన్నిగారు తనకు తానే చెప్పుకుని పని మొదలుపెట్టారు. ఆ వీధిలో గాలి మా వైపు నుంచి ఇంట్లోకే వీస్తోంది. పచ్చ దీపం వెలిగింది. నాలుగు గారెలు వేశారు.

"వాసన వస్తోందా అమ్మాయ్?"

"వస్తోందండీ."

"నీకు కాదే. లోపలికెళ్ళి చూసి రా."

వెనక వంటింట్లో ఆమె గిన్నెలు తోముతోంది. నేను గుమ్మంలో నిలబడేసరికి చేతులు ఆపి, "ఎవరో గారెలొండుతున్నారండి," అంది. నీకోసమే అన్నాను. ఆమె తడి చేతులతోనే నేల మీద కూలబడి ఏడ్చింది. ఇన్నాళ్ళూ దాచుకున్నదంతా ఏడ్చింది. ఆ ఇంటి మేడమ్ వచ్చి పక్కన కూర్చుని వీపు నిమిరింది. నేను బయటికి వచ్చి, వాసన లోపలికి వస్తోందని చెప్పాను. పిన్నిగారు తడి చేసుకున్న అరచేతిలో మరో ముద్ద పెట్టుకుని ఒత్తడం మొదలుపెట్టారు.

తిరుగు ప్రయాణంలో కారులో ఒక్క మాటన్నారు. "నాకు రాకపోయినా ఫరవాలేదులే. వెళ్ళాల్సిన చోటికి వెళ్తోంది."

ఆవిడ పోయాక బాబాయిగారూ, విశాఖ నుంచి వచ్చిన కూతురూ ఆవిడని కాకినాడ తీసుకెళ్ళారు. కార్యక్రమాలన్నీ అయ్యాక బాబాయిగారు ఒక్కరే తిరిగొచ్చారు. తమతోనే ఉండమని కూతురు బతిమాలిందట. డ్యూటీ ఉందన్నారట. పొద్దున్నే వెళ్ళేవారు, సాయంత్రం వచ్చి తలుపేసుకునేవారు. పొత్రం ఎక్కడుందో కనబడలేదు. మావారు బెల్లు కొడితే తలుపు కొద్దిగా తెరిచి, బాగానే ఉన్నాను బాబూ అని మళ్ళీ మూసేవారు. కూర పంపిస్తే గిన్నె కడిగి మా గుమ్మం ముందు పెట్టి వెళ్ళేవారు. ఆయన ఆ తలుపు వెనకాల ఉండి ఉండి ఏమైపోతారోనని నాకు భయం పట్టుకుంది. ఈ ఊళ్ళో అలా తలుపేసుకున్న మగవాళ్ళ గురించి వినబడే కబుర్లు మంచివి కావు. మావారికీ ఇదే దిగులు, బయటికి చెప్పేవారు కాదు.

ఈ దసరాకి పప్పు నానబోశాను. ఆ ఇంట్లో మూకుడు పెట్టని ఏడాది ఇది. అందరికీ పంపించే మనిషే పోయాక ఆ ఇంటికి ఎవరో ఒకరు వండి పెట్టాలి. నాకు వచ్చా రాదా అని ఆలోచించే సందు లేదు. పిండి కాస్త పలచనైంది, అందులో బియ్యప్పిండి కలిపాను. పిన్నిగారు చూస్తే ఊరుకునేవారు కారు.

మిషను వంటింట్లో పెట్టలేదు. మా గుమ్మం లోపల, వీధి తలుపు పక్కనున్న ప్లగ్గు దగ్గర పీట వేసి దాని మీద పెట్టాను. తలుపు బార్లా తెరిచి, జారకుండా మావారి బూట్లు అడ్డం పెట్టాను. మూడడుగుల వరండాకి అవతల వాళ్ళ తలుపు మూసి ఉంది. శుక్రవారం కాబట్టి ఆయన ఇంట్లోనే ఉన్నారు. మీట రొయ్య గుర్తు దగ్గరికి తిప్పాను. ఎర్ర దీపం వెలిగింది. చింతపండు వెయ్యలేదు. పచ్చ దీపం వెలిగాక అరచెయ్యి తడి చేసుకుని మొదటి గారె వేశాను. చిల్లు సరిగ్గా మధ్యలో పడలేదు.

పచ్చి వాసన వచ్చింది. అల్లం వాసన వచ్చింది. తియ్యటి కమ్మదనం వచ్చింది, తీశాను. నాకు వస్తే సరిపోదు. లోపలికెళ్ళి చూసి రావడానికి అవతల తలుపు మూసి ఉంది. బెల్లు కొట్టాలనిపించలేదు. రెండో వాయి వేశాను. అది కూడా తీశాను. మూడో వాయి వేగుతుండగా గొళ్ళెం చప్పుడైంది.

బాబాయిగారు తలుపు తీశారు. పైజామా, బనియను, మాసిన గడ్డం. నా వైపు చూడలేదు. నేను కూడా తలెత్తలేదు, గారెలు తిప్పుతున్నాను. ఆయన లోపలికి తిరిగి ఏదో వెతికారు. తరవాత వంగి, రెండు చేతులతో పొత్రాన్ని దొర్లించుకుంటూ వచ్చి తలుపుకి అడ్డం పెట్టారు. వంగినవారు వెంటనే లేవలేదు. దాని మీద చెయ్యి వేసి, నేను ఏమీ అడక్కముందే అన్నారు.

"వాసన లోపలికి వస్తోందమ్మా."

తరవాత లేచి లోపలికి వెళ్ళి కుర్చీలో కూర్చున్నారు. వరండా ఇవతల నుంచి ఆయన వీపు కనబడుతోంది. దాని వెనక వంటింట్లో మేకుకి వేలాడుతున్న జాలీ బుట్ట, అందులో ఉల్లిపాయలు. నేను తరవాతి వాయి వేశాను. రెండు తలుపులూ తెరిచే ఉన్నాయి.